రేకులు, పెంకులు, డాబాలు: మోడల్ రైల్వే పాఠకుల సందేహాలు

బల్ల మీది ఊరికీ మన కంటికీ అరమీటరు దూరం ఉందనుకోండి. 1:87 లెక్కన, అంటే మోడల్ అసలు కొలతలో 87వ వంతు అయితే, అది 43.5 మీటర్లు. అంటే మనం కట్టిన స్టేషన్నీ, పక్క వీధినీ పద్నాలుగో అంతస్తు బాల్కనీలోంచి చూస్తున్నట్టే. అక్కణ్ణుంచి కిటికీలూ తలుపులూ కనపడవు, కప్పులే కనపడతాయి. ఈ నెల ఉత్తరాల్లో కప్పుల గురించి అడిగినవాటిని ఒకచోట చేర్చాం. కొలతలన్నీ హెచ్‌ఓ స్కేలుకి, అంటే 1:87కి చెప్పినవి. ఆ స్కేల్లో ఒక అడుగు మూడున్నర మిల్లీమీటర్లు. ఎన్ స్కేలు వాళ్ళు, అంటే 1:160 వాళ్ళు, మా అంకెని 0.54తో గుణించుకుంటే చాలు.

ప్రశ్న: గూడ్స్ షెడ్డు కట్టాను. పొడవు 240 మి.మీ. కప్పుకి 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ నురగ పలక) వాడి, రేకుల్లా గీతలు గీసి, సిమెంటు రంగు వేశాను. గోడలు బాగా కుదిరాయి. కప్పు మాత్రం గిన్నె మీద మూత పెట్టినట్టుంది. తప్పెక్కడ జరిగింది? (మల్కాజిగిరి)

జవాబు: చూరు దగ్గర జరిగింది. 3 మి.మీ.ని 87తో గుణించండి, 261 మి.మీ. వస్తుంది. రేకుల షెడ్డు మీద పది అంగుళాల స్లాబు పోసినట్టయింది. అసలు సిమెంటు రేకు మందం 6 మి.మీ. మాత్రమే, మన స్కేల్లో పలచటి కాగితమంత. మనిషి కన్ను కప్పు మధ్యభాగాన్ని క్షమిస్తుంది కానీ అంచుని క్షమించదు.

సన్‌బోర్డు పారేయక్కర్లేదు. చూరు వైపు, పక్క గోడల వైపు దాన్ని 2 మి.మీ. లోపలికి కోసేయండి. మిగిలిన అంచుని కింద వైపు నుంచి కట్టరుతో ఏటవాలుగా చెక్కండి. దాని మీద పలచటి రేకులు అతికించి 2 మి.మీ. బయటికి రానివ్వండి. చూసేవాళ్ళకి ఆ పలచటి అంచే కనిపిస్తుంది, లోపలి బోర్డు నీడలో కలిసిపోతుంది. పక్క గోడ పైన రేకుల కింద 1 మి.మీ. చదరం ఉన్న పుల్లలు నాలుగైదు, వాసాల కొసల్లా కొంచెం బయటికి పెడితే ఇంకా బాగుంటుంది.

రెండో తప్పు, కప్పంతా ఒకే ముక్కగా ఉండటం. సిమెంటు రేకు వెడల్పు 1050 మి.మీ.; పక్క రేకు మీదికి ఎక్కే భాగం పోగా 1010 మిగులుతుంది. మన స్కేల్లో 12 మి.మీ. ముక్క కోస్తే 11.6 మి.మీ. పనికొస్తుంది. మీ 240 మి.మీ. షెడ్డుకి వరసకి 21 రేకులు కావాలి. రేకు పొడవు 2.25 మీటర్లది తీసుకుంటే 26 మి.మీ.; పై రేకు కింది రేకు మీద 150 మి.మీ., మన స్కేల్లో 1.7 మి.మీ. ఎక్కాలి. రెండు వరసలకి 50 మి.మీ. వాలు వస్తుంది. రెండు వాలులకీ కలిపి 84 రేకులు, చెడిపోయేవాటికి ఇంకో పది.

కింది వరస ముందు, పై వరస తర్వాత. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏ కొస నుంచి మొదలుపెట్టాలన్నది. మేస్త్రీలు గాలి వచ్చే దిక్కుకి అవతలి కొస నుంచి వేసుకుంటూ వస్తారు, రేకు సందులోకి వానజల్లు దూరకుండా. మన దగ్గర వానాకాలపు గాలి పడమర నుంచి, కాబట్టి తూర్పు కొస నుంచి మొదలుపెట్టండి. ఒకటి రెండు రేకులు అర మిల్లీమీటరు కిందికి జారినా సరిచెయ్యకండి. నిజం షెడ్డు మీద కూడా చూరు గీత స్కేలు పెట్టి గీసినట్టుండదు.

ప్రశ్న: అల్యూమినియం ఫాయిల్‌తో రేకు ముడతలు తియ్యబోతే చిరిగిపోతోంది. వంటింటి ఫాయిల్ రెండు పొరలు వేసినా అంతే. ఉపాయం చెప్పండి. (లాలాగూడ)

జవాబు: వంటింటి ఫాయిల్ మరీ పలచన, వేలు తగిలినా సొట్ట పడుతుంది. బిర్యానీ పార్సిల్ కట్టే అల్యూమినియం డబ్బా అడుగుభాగం తీసుకోండి. నూనె పోయేదాకా గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, గాజు మీద పెట్టి, చెంచా వీపుతో రుద్ది చదును చెయ్యండి.

ఇక అచ్చు. సిమెంటు రేకు ఒక ముడత నుంచి ఇంకో ముడతకి 146 మి.మీ. ఉంటుంది, మనకి 1.68. జింకు రేకుకి 76 మి.మీ., మనకి 0.87. పదహారో గేజి తీగ మందం 1.63 మి.మీ., ఇరవయ్యో గేజిది 0.91. ఇంతకన్నా దగ్గరి కొలత అక్కర్లేదు. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో కిలోల్లెక్కన అమ్మే జీఐ తీగే సరిపోతుంది. తీగ ఒక కొసని వైస్‌లో బిగించి, రెండో కొసని పట్టకారుతో కొంచెం సాగేదాకా లాగితే కర్రలా నిటారుగా వస్తుంది. 80 మి.మీ. ముక్కలు పాతిక కోసి, ప్లైవుడ్ చెక్క మీద ఒకదాన్నొకటి ఆనించి అరాల్డైట్‌తో అతికించండి. రాత్రంతా వదిలేయండి. జిగురు సందుల్లోంచి పైకి ఉబికితే గాడి పూడిపోతుంది, కాబట్టి జిగురు చెక్కకి పలచగా రాయాలి, తీగకి కాదు.

ఇప్పుడు మీ ఫాయిల్ ఎందుకు చిరుగుతోందో చూద్దాం. ముడత పడుతున్నప్పుడు ఫాయిల్ వెడల్పు తగ్గుతుంది. ప్రతి గాడీ పక్క నుంచి కొంత ఫాయిల్‌ని లోపలికి లాక్కుంటుంది. మీరు రెండు పక్కలా టేపు వేసి బిగించినా, మధ్య గాడి ముందు నొక్కి తర్వాత పక్కలకి వెళ్ళినా, లాక్కోవడానికి ఫాయిల్ ఉండదు, చిరుగుతుంది. ఎడమ కొసని మాత్రం బొటనవేలితో పట్టుకుని, మొదటి గాడిని కొస నుంచి కొసకి పూర్తిగా నొక్కండి. తర్వాత దాని పక్కది. ఒక్కటి కూడా దాటవెయ్యకూడదు. నొక్కడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్ను, సన్న గాళ్ళకి కొస గుండ్రంగా అరగదీసిన టూత్‌పిక్. కావాల్సిన వెడల్పు కన్నా నాలుగో వంతు ఎక్కువ ఫాయిల్‌తో మొదలుపెట్టండి.

తీగల పలక చేసే ఓపిక లేనివాళ్ళు మరచుట్లున్న ఇనుప కడ్డీ వాడుకోవచ్చు. ఎం12 (12 మి.మీ. లావు) కడ్డీ చుట్ల మధ్య దూరం 1.75 మి.మీ., ఎం5 కడ్డీది 0.8. ఫాయిల్‌ని మెత్తటి రబ్బరు మీద పరిచి, కడ్డీని గట్టిగా అదిమి ఒక్కసారి దొర్లించాలి. చిక్కేమిటంటే మరచుట్టు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గీతలు కూడా దాదాపు మూడు డిగ్రీలు పక్కకి పడతాయి. 30 మి.మీ. పొడవుకి ఒకటిన్నర మి.మీ. తేడా. ఫాయిల్ అంచుని నమ్మి కోస్తే రేకులన్నీ వంకరగా కనిపిస్తాయి. గీతనే ఆధారం చేసుకుని మూలమట్టం పెట్టి కొయ్యండి. కడ్డీని వెనక్కీ ముందుకీ దొర్లించకండి, గీత మీద గీత పడి ఫాయిల్ జాలీ అయిపోతుంది.

ప్రశ్న: ఫాయిల్ రేకుల మీద వేసిన రంగు గోటితో గీకితే పొరలా ఊడొస్తోంది. ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే నిజం తుప్పు వస్తుందని విన్నాను. చెయ్యొచ్చా? (కోఠి)

జవాబు: రంగు ఊడటానికి కారణం నూనె, నునుపు. సబ్బుతో కడిగి, 600 నంబరు గరుకు కాగితంతో పైపైన రుద్ది, లోహాలకి వేసే ప్రైమర్ స్ప్రే ఒక్క పలచటి పూత వెయ్యండి. ఒక రోజు ఆరాక ఆ మీద ఏ రంగైనా పట్టుకుంటుంది.

ఫెర్రిక్ క్లోరైడ్ సంగతి నిజమే. సర్క్యూట్ బోర్డులు చెక్కే ఆ ద్రావణం అల్యూమినియాన్ని తినేసి తుప్పురంగు గుల్ల మిగులుస్తుంది. కానీ ఆ చర్యలో విపరీతంగా వేడి పుడుతుంది, హైడ్రోజన్ వస్తుంది. ఒక్కసారి పది రేకులు వేస్తే ద్రావణం బుసబుసా పొంగుతుంది. బట్ట మీద పడితే మరక పోదు. రంగుతో అంతకన్నా మంచి తుప్పు వస్తుంది కాబట్టి వద్దనే మా మాట.

ప్రశ్న: నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు కోశాను. గోడలు 150 × 80. వాలు 30 డిగ్రీలు. నాలుగు ముక్కలూ కలిపితే మూలల్లో సందులు వస్తున్నాయి. మూడుసార్లు కోశాను. (తార్నాక)

జవాబు: మీరు పంపిన కొలతల్లో త్రికోణం ఎత్తు 40 అని ఉంది. అది నేల మీది కొలత. వాలు మీద కొలిస్తే ఎక్కువ ఉంటుంది. 40ని 30 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.866తో భాగించండి: 46.2.

కానీ గోడ దాకానే కోస్తే చూరు ఉండదు. రెండడుగుల చూరు అనుకుంటే నాలుగు వైపులా 7 మి.మీ. కలపాలి. అప్పుడు కప్పు కింది కొలత 164 × 94. సగం వెడల్పు 47, వాలు మీద 54.3. పక్క త్రికోణాలు రెండు: అడుగు 94, ఎత్తు 54.3. పొడుగు పలకలు రెండు: అడుగు 164, పైన కొప్పు (వాలులు పైన కలిసే గీత) 70, ఎత్తు 54.3. కొప్పు పొడవు ఎప్పుడూ పొడవులోంచి వెడల్పు తీసేస్తే వచ్చేదే. నాలుగు వాలులూ ఒకే కోణంలో ఉంటేనే ఈ లెక్క. సరిచూసుకోవడానికి ఒక కొలత: త్రికోణం ఏటవాలు అంచూ, పొడుగు పలక ఏటవాలు అంచూ రెండూ 71.8 రావాలి. రెండు అంచులూ సమానంగా లేకపోతే కొయ్యడం ఆపి మళ్ళీ గీయండి.

అట్ట 1 మి.మీ. మందం దాటితే మూల అంచుల్ని లోపలి వైపు చెక్కాలి. లేకపోతే లోపలి అంచులు ముందే తగులుకుని పైన సందు తెరుచుకుంటుంది.

ప్రశ్న: బెంగుళూరు పెంకుల కప్పు ఎలా చెయ్యాలి? ప్రింటు తీసిన కాగితం అతికిస్తే ఫోటోలో బాగుంది, బల్ల మీద చప్పగా ఉంది. (సీతాఫల్‌మండి)

జవాబు: కొందరు బెంగుళూరు పెంకంటారు, కొందరు మంగుళూరు పెంకంటారు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెట్టిన కార్ఖానాతో మొదలైన పెంకు ఇది. పాత స్టేషన్ల మీద, రైల్వే క్వార్టర్ల మీద ఎక్కువగా కనిపించేది ఇదే.

కాగితం చప్పగా ఉండటానికి కారణం నీడ లేకపోవడం. పెంకు వరస మీద వరస ఎక్కే చోట రెండు మూడు సెంటీమీటర్ల మెట్టు ఉంటుంది. ఆ మెట్టు కింద పడే సన్నటి నీడగీతే మనకి పెంకుల్ని చూపిస్తుంది. దానికి పాత శుభలేఖల అట్ట బ్రహ్మాండంగా పనికొస్తుంది. మందం 0.3 మి.మీ. ఉన్నది ఎంచుకోండి, 87తో గుణిస్తే 26, సరిగ్గా ఆ మెట్టే. పైన మెరుపు పూత ఉన్న అట్ట వద్దు, జిగురూ రంగూ రెండూ పట్టవు.

పెంకు బయటికి కనిపించే భాగం దాదాపు 320 × 210 మి.మీ. మనకి 3.7 × 2.4. అట్టని 6 మి.మీ. వెడల్పు పట్టీలుగా కొయ్యండి. ప్రతి 2.4 మి.మీ.కి సిరా లేని పెన్నుతో అడ్డంగా ఒక గాడి నొక్కండి, కొయ్యకండి. కింది అంచున గాడి ఉన్న చోట కట్టరు మొనతో చిన్న గాటు పెడితే పెంకులు విడివిడిగా కనిపిస్తాయి. ఇది విసుగు పని, కానీ కింది నాలుగు వరసలకి చేస్తే చాలు, పై వరసల్లో తేడా తెలియదు. పై ఉత్తరంలోని 54 మి.మీ. వాలుకి 15 వరసలు పడతాయి.

అతికించే ముందు కప్పు మీద 3.7 మి.మీ.కి ఒకటి చొప్పున పెన్సిల్ గీతలు గీసుకోండి. కంటి అంచనాతో పోతే పదో వరసకల్లా ఒక పక్క పైకెక్కిపోతుంది. అన్నిటికన్నా ముందు, చూరు అంచున 1 మి.మీ. వెడల్పు అట్ట పుల్ల ఒకటి అతికించండి. దాని మీద మొదటి వరస. ఆ పుల్ల లేకపోతే మొదటి వరస పడుకుని, రెండో వరస నుంచి తలెత్తి, చూరు నొక్కుకుపోయినట్టుంటుంది. ఫెవికాల్‌ని పట్టీ వెనక పై సగానికి మాత్రం పలచగా రాయండి. ఎక్కువైతే అట్ట నాని ఉబ్బుతుంది, నొక్కిన గాళ్ళన్నీ మాయమవుతాయి. గీతలు నిలువునా కలవాలా, వరసకీ వరసకీ అర పెంకు జరగాలా అన్నది మీరు చేస్తున్న భవనం ఫోటో చూసి నిర్ణయించుకోండి. రెండు రకాల కప్పులూ ఉన్నాయి.

కొప్పుకి 5 మి.మీ. వెడల్పు కాగితాన్ని నిలువునా మడిచి, 4.5 మి.మీ. ముక్కలు కోసి, ఒకదాని మీద ఒకటి అర మిల్లీమీటరు ఎక్కేట్టు పేర్చండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నిజం కప్పు మీద కొప్పు పెంకుల్ని సిమెంటు మాలుతో కూర్చోబెడతారు. ఎర్ర కప్పు మీద కొప్పు పొడుగునా, మూలల పొడుగునా బూడిదరంగు గీత ఒకటి, అక్కడక్కడా వెడల్పై, అక్కడక్కడా ఊడిపోయి కనిపిస్తుంది. సన్న బ్రష్షుతో ఆ గీత వెయ్యండి. ఐదు నిమిషాల పని, కప్పంతా మారిపోతుంది.

రంగు విషయంలో జాగ్రత్త. కుమ్మరి ఎరుపు డబ్బాలోంచి తీసి అలాగే వేస్తే బొమ్మలా ఉంటుంది. ఎరుపు నాలుగు పాళ్ళకి బూడిదరంగు ఒక పాలు, లేత మట్టిరంగు ఒక పాలు కలపండి. చిన్న వస్తువు మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, అందుకే వెలిసినట్టు మొదలుపెట్టాలి. మార్చిన పెంకులు కొత్తగా, ఎర్రగా ఉంటాయి. అవి చదరంగం గళ్ళలా కప్పంతా చల్లినట్టుండవు. కోతులు దూకేది చెట్టుకొమ్మ వంగిన చోటే, పెంకులు పగిలేదీ అక్కడే. నాలుగైదు కొత్త పెంకులు అక్కడ గుంపుగా పెట్టండి. లోపలికి వెలుతురు రావడానికి ఒకటో రెండో గాజు పెంకులు కూడా ఉండేవి. ముదురు బూడిదరంగు చుక్క మీద మెరిసే వార్నిష్ పెడితే అవే.

ప్రశ్న: బెంగుళూరు పెంకుల బదులు గూన పెంకుల ఇల్లు కావాలి. వాటినీ ఒక్కొక్కటీ చెయ్యాలా? (ఘట్‌కేసర్)

జవాబు: అక్కర్లేదు. 1.6 మి.మీ. తీగల పలక మీద పలచటి ఫాయిల్ నొక్కి, ఆ ముడతల మీద ప్రతి 2 మి.మీ.కి అడ్డంగా గోరుతో గుచ్చండి. గీతలు కొంచెం వంకర పోవాలి. గూన పెంకు కప్పు వరసగా ఉందంటే అది గూన పెంకు కాదు. ఒక మూల నీలం ప్లాస్టిక్ పట్టా ముక్క, దాని మీద నాలుగు రాళ్ళు పెట్టండి.

ప్రశ్న: అట్టతో చేసిన కప్పు రంగు వేసిన మర్నాటికి పడవలా వంగింది. (చిలకలగూడ)

జవాబు: ఒక పక్కే తడిపారు. నీళ్ళ రంగు తగిలిన వైపు నార ఉబ్బి, ఆరేటప్పుడు అదే వైపు ముడుచుకుంటుంది. ఏ పూత పైన వేస్తే అదే పూత అదే పూట లోపల కూడా వెయ్యాలి. అంతకుముందు ఫ్రెంచ్ పాలిష్ లక్కని స్పిరిట్‌లో కలిపి రెండు వైపులా రాస్తే నీళ్ళు లోపలికి పోవు. ప్రతి 40 మి.మీ.కి ఒక త్రికోణపు అట్ట లోపల నిలబెట్టండి. ఇప్పటికే వంగినదాన్ని లోపలి వైపు తడిగుడ్డతో తుడిచి, పుస్తకాల బరువు కింద రెండు రోజులు ఉంచితే చాలావరకు లొంగుతుంది.

జులై, ఆగస్టుల్లో ఇంకో మాట. ముసురు పట్టిన రోజు స్ప్రే వెయ్యకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలో తేమ దాని మీద దిగి, తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. మూసిన గదిలో ఫెవిక్విక్ వాడినా చుట్టూ తెల్ల మచ్చలు వచ్చేది ఈ తేమ వల్లే.

ప్రశ్న: థర్మోకోల్ కప్పు మీద స్ప్రే కొట్టగానే గుంటలు పడి కరిగిపోయింది. (ఉప్పల్)

జవాబు: స్ప్రేలోని థిన్నర్‌కి థర్మోకోల్ కరుగుతుంది. ఫెవిక్విక్‌కి కూడా. ముందు ఫెవికాల్‌లో సగం నీళ్ళు కలిపి రెండు పూతలు వెయ్యండి, పిన్నీసు మొనంత సందు కూడా మిగలకూడదు. ఆ పైన కూడా బ్రష్షుతో యాక్రిలిక్ వెయ్యడమే క్షేమం.

ప్రశ్న: పాతబడినట్టు కనిపించాలని నల్లరంగు నీళ్ళలో కలిపి కప్పంతా పూశాను. పాతగా లేదు, మురికిగా ఉంది. (వారాసిగూడ)

జవాబు: వాన ఎటు పారుతుందో మురికి అటే పారుతుంది. మీ రంగు అన్ని వైపులా ఒకేలా ఆగింది. నలుపు కన్నా ముదురు గోధుమరంగు మంచిది: ఒక చుక్క రంగుకి పదిహేను చుక్కల నీళ్ళు, గిన్నెల సబ్బు ఒక బొట్టు. సబ్బు లేకపోతే నీళ్ళు పూసల్లా విడిపోయి, ఆరాక గుండ్రటి మరకలు మిగులుతాయి. కప్పుని నిజంగా ఎలా వాలి ఉంటుందో అలాగే పట్టుకుని, కొప్పు నుంచి చూరుకి ఒకే దిక్కులో లాగండి.

తర్వాత పొడులు. ఖరీదైన డబ్బాలేవీ కొనక్కర్లేదు. తుప్పుకి, ఇటుకరంగుకి గడపకి పూసే జాజు. దుమ్ముకి ముల్తానీ మట్టి. పొగకి దీపం మసి. మూడూ బేగంబజార్‌లోనో ఇంట్లోనో దొరుకుతాయి. మెత్తటి బ్రష్షుతో అద్ది, మ్యాట్ వార్నిష్ పలచగా కొట్టండి. వార్నిష్ పడగానే పొడి సగం మాయమవుతుంది, కాబట్టి కావాల్సిన దానికి రెట్టింపు అద్దుకోవాలి.

ఏది ఎక్కడ అన్నదే అసలు సంగతి. రేకుని పట్టే బోల్టు ముడత శిఖరం మీద ఉంటుంది, పల్లంలో ఉండదు. తుప్పు చార అక్కడ పుట్టి పల్లంలోకి జారుతుంది. రేకు కొస మీద రేకు ఎక్కిన చోట తడి ఆగుతుంది, అందుకని అక్కడ అడ్డంగా ముదురు రంగు. పట్టాల పక్క షెడ్డుకైతే పట్టాల వైపు వాలు మీద గోధుమరంగు ఎక్కువ ఉండాలి. బ్రేకులు అరిగిన ఇనుప పొడి ఏళ్ళ తరబడి పడుతుంది. పిట్టగోడల మీద నాచు వానాకాలం దాటాక పచ్చగా ఉండదు, ఎండి నల్లబడుతుంది. హైదరాబాద్ డాబాలకి ఆకుపచ్చ పూసి కేరళ చెయ్యకండి.

ప్రశ్న: నిజం సిమెంటు రేకు ముక్క నూరి ఆ పొడి అద్దితే అసలు రంగు వస్తుంది కదా? (నాచారం)

జవాబు: వద్దు. అందులో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉండిపోతుంది. నూరడం, రుద్దడం, రంపంతో కొయ్యడం ఏదీ చెయ్యకండి.

ప్రశ్న: స్టేషన్ వెనక వీధిలో పది డాబాలు పెట్టాను. పై నుంచి చూస్తే పది అట్టపెట్టెల్లా ఉన్నాయి. డాబాకి చెయ్యడానికేముంది? (మెట్టుగూడ)

జవాబు: పెంకుల కప్పు కన్నా డాబాకే పని ఎక్కువ. అందరూ దాన్నే ఖాళీగా వదిలేస్తారు.

ముందు పిట్టగోడ. ఎత్తు మూడడుగులు, అంటే 10.5 మి.మీ. మందం ఒకటిన్నర మి.మీ. చాలు. మూడు మి.మీ. బోర్డు వాడితే కోట బురుజు అవుతుంది. నేలకి గరుకు కాగితం అతికించేవాళ్ళు నంబరు చూసుకోవాలి. 120 నంబరు కాగితం రేణువు మన స్కేల్లో సెంటీమీటరు పైన, అంటే కంకర పోసినట్టు. 400 నంబరైతే మూడు మిల్లీమీటర్లు, సిమెంటు గచ్చుకి సరిపోతుంది. నీళ్ళు పోయే గొట్టం ఉన్న మూలన గచ్చు ముదురు రంగు, చుట్టూ ఎండిన మడుగు గీత ఒకటి. పదింటిలో రెండు డాబాలకి తెల్లపూత వెయ్యండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండని వెనక్కి కొట్టే తెల్లపూత ఈ కాలపు ఊరికి తప్పు కాదు. మీ బల్ల మీది కాలం 1980 అయితే మాత్రం మానేయండి.

ఇక పైన ఉండేవి. ముందు మీ బల్లకి ఉత్తరం ఎటో తేల్చుకోండి. ఎందుకంటే నీళ్ళ ట్యాంకు వాస్తు ప్రకారం నైరుతి మూలకే వెళ్తుంది, పది ఇళ్ళలో ఎనిమిదింటికి. డిష్ యాంటెనాలన్నీ దక్షిణానికీ తూర్పుకీ మధ్య, ఆకాశంలోకి మొహమెత్తి చూస్తాయి. ఒక్కో డిష్ ఒక్కో దిక్కుకి తిప్పి పెట్టిన డాబాల వీధి ఎందుకు నప్పలేదో చూసేవాళ్ళకి తెలియకపోయినా, నప్పలేదని తెలుస్తుంది. డిష్ వెడల్పు 7 మి.మీ.; మాత్రల స్ట్రిప్పు మీది బుడగ కోసి, నొక్కి పలచన చేస్తే సరి. వెయ్యి లీటర్ల ట్యాంకు అడ్డకొలత దాదాపు 12.5 మి.మీ., ఎత్తు 14. స్కెచ్ పెన్ను గొట్టం అంత లావున్నది వెతికి కొయ్యండి. నల్ల ట్యాంకుకి నలుపు వెయ్యకండి, ముదురు బూడిదరంగు వేసి పైభాగాన ముల్తానీ మట్టి అద్దండి.

పై అంతస్తు ఎప్పుడో వేద్దామని వదిలిన పిల్లర్ చువ్వలు లేకుండా మన వీధి పూర్తికాదు. 0.75 చదరపు మి.మీ. ఫ్లెక్సిబుల్ వైరు ఒలిస్తే లోపల 0.2 మి.మీ. రాగి పోగులు ఇరవై నాలుగు ఉంటాయి. 87తో గుణిస్తే పదిహేడు మిల్లీమీటర్ల చువ్వ. పిల్లరుకి నాలుగు చొప్పున 10 మి.మీ. పొడవు నిలబెట్టి, తుప్పురంగు వేసి, ఒకటి రెండింటిని పక్కకి వంచండి. దండేనికి కుట్టు దారం వాడితే నూగు కనపడుతుంది. కొవ్వొత్తి మైనంలో లాగి వాడండి.

ప్రశ్న: ఇంటి లోపల ఎల్‌ఈడీ పెడితే కప్పంతా ఎర్రగా వెలుగుతోంది. (సైనిక్‌పురి)

జవాబు: కప్పు లోపల నలుపు రెండు పూతలు, దాని మీద వంటింటి ఫాయిల్. గోడకీ కప్పుకీ మధ్య వెలుగు గీత వస్తే గోడ పైఅంచు లోపలి వైపు 3 మి.మీ. అట్ట పట్టీ ఒకటి నిలబెట్టండి, కప్పు దాని మీద పెట్టె మూతలా కూర్చుంటుంది. కప్పుని జిగురుతో అతికించకండి, బల్బు పోయిన రోజు బాధపడతారు.

ప్రశ్న: కాచిగూడ స్టేషన్ చేస్తున్నాను. గుమ్మటాలు ఎలా? (బర్కత్‌పుర)

జవాబు: 1916 నాటి ఆ భవనాన్ని ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుని, మనిషి ఎత్తుతో పోల్చి గుమ్మటాల అడ్డకొలత తేల్చుకోండి. టేబుల్ టెన్నిస్ బంతి 40 మి.మీ.; 1:87లో మూడున్నర మీటర్లు, 1:160లో 6.4 మీటర్లు. చిన్నవాటికి చెక్కపూసలు.

బంతిని సరిగ్గా సగానికి కోస్తే బోర్లించిన గిన్నెలా ఉంటుంది. మన గుమ్మటాలు నడుము దగ్గర ఉబ్బి, కింద కొంచెం లోపలికి ముడుచుకుంటాయి. అందుకని మధ్యగీతకి 4 మి.మీ. కింద కొయ్యండి. బంతిని సీసా మూత మీద కూర్చోబెట్టి, పెన్సిల్‌ని పుస్తకాల దొంతర మీద కదలకుండా పట్టి, బంతిని తిప్పితే గీత సమంగా పడుతుంది. కొత్త కట్టరు బ్లేడుతో గీత మీద పదిసార్లు తేలిగ్గా తిప్పుతూ కొయ్యాలి. ఒక్కసారే గుచ్చితే బంతి పగులుతుంది. పాత సెల్యులాయిడ్ బంతి దొరికితే వాడకండి, నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

పైభాగం నునుపు కాబట్టి 400 నంబరు కాగితంతో రుద్ది ప్రైమర్ వెయ్యండి. కోసిన అంచు చుట్టూ ఫెవికాల్‌లో ముంచిన లావుపాటి దారం రెండు చుట్లు తిప్పితే కింది కట్టు వస్తుంది. శిఖరానికి గుండుసూది తలకిందులుగా కాకుండా తల పైకి ఉండేట్టు, కింద రెండు చిన్న పూసలు గుచ్చి దించండి. రంధ్రం వేడి సూదితో కాకుండా 0.7 మి.మీ. డ్రిల్లుతో చెయ్యండి, వేడికి అంచు కరిగి పూస ఒరుగుతుంది.